అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం

అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం హైదరాబాదు నగరంలో మూసీ నది ఒడ్డున ఉన్నది. దీని సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు (339 ఎం.ఎల్.డి.). 1989లో ఏర్పడిన హైదరాబాదు మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి ఆధ్వర్యంలో ఇది నడుస్తున్నది. ఇక్కడి నుండి మూసీలో కలిసే నీరు నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణా నదిని చేరుతుంది. సంగమానికి ఆవలి ఒడ్డున పల్నాడు జిల్లాకు చెందిన పొందుగల, దాచేపల్లి, నడికుడి ప్రాంతం ఉన్నది. కనుక ఈ కేంద్రం పనితీరు హైదరాబాదుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

నేపథ్యం

మూసీ వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి సుమారు 240 కి.మీ. ప్రవహిస్తుంది. 1908 నాటి వరదల తరువాత నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు నిర్మించబడ్డాయి. వర్షాకాలం మినహా పైనుండి వచ్చే నీరు అక్కడే ఆగిపోతుంది. అందువలన వేసవిలో నగరం దాటిన మూసీలో ప్రవహించేది దాదాపుగా నగరం వదిలిన నీరే. నదిలో మురుగు కలుస్తున్నదనడం కంటే మురుగే నది అయినదనడం సరియైనది.

అంబర్‌పేటలో మొదట ప్రాథమిక శుద్ధి మాత్రమే జరిగేది. జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళిక క్రింద ప్రస్తుత కేంద్రంతో పాటు నాగోలు (172 ఎం.ఎల్.డి.), అత్తాపూర్ (51), నల్లచెరువు (30) కేంద్రాలు నిర్మించబడ్డాయి.

శుద్ధి విధానం

వచ్చిన మురుగును మొదట ఇనుప జల్లెడల గుండా పంపి గుడ్డలు, ప్లాస్టిక్ వంటివి తొలగిస్తారు. తరువాత తొట్లలో ప్రవాహ వేగం తగ్గించగా ఇసుక అడుగుకు చేరుతుంది. ముఖ్యమైన దశ దీని తరువాతిది. మురుగును లోతైన తొట్ల అడుగు నుండి పైకి పంపుతారు. దారిలో అది దట్టమైన బురద పొరను దాటవలసి ఉంటుంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు ఈ పొరలో ఉండి సేంద్రియ పదార్థాన్ని మీథేన్ వాయువుగా మారుస్తాయి. నెదర్లాండ్స్‌లో 1970లలో రూపొందిన ఈ పద్ధతికి విద్యుత్తు తక్కువ ఖర్చవుతుంది, వేడి వాతావరణం అనుకూలం. అయితే దీనితోనే శుద్ధి పూర్తి కాదు. నీటిని మరల గాలి కొట్టే చెరువులలోను, ఆపైన నిలువ చెరువులలోను ఉంచవలసి ఉంటుంది.

నదికి కలిగే మేలు, పరిమితులు

నదిలోని సూక్ష్మజీవులు కూడా మురుగును తినగలవు. కాని అవి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకోవడం వలన చేపలకు ఊపిరి అందదు. శుద్ధి కేంద్రం చేసేది ఇదే పనిని నదికి బయట ముగించడం. ఈ భారాన్ని జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం (బి.ఓ.డి.) అనే కొలతతో చెబుతారు. 1986 నాటి పర్యావరణ నియమాల ప్రకారం నదులలోకి వదిలే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. 2017లో మహానగరాలకు దీనిని 20కి తగ్గించారు. స్నానానికి తగిన నదీజలంలో ఇది 3 మాత్రమే ఉండాలి. అనగా నియమాన్ని పాటించిన నీరు కూడా ఇతర నీటితో కలిసి పలుచన కావలసిందే. మూసీలో అందుకు తగినంత మంచినీరు లేదు.

నత్రజని, భాస్వరం ఈ పద్ధతిలో పెద్దగా తొలగవు. దిగువన గుర్రపుడెక్క పెరగడానికి ఇవి దోహదం చేస్తాయి. పరిశ్రమల నుండి వచ్చే లవణాలను సూక్ష్మజీవులు అసలే తొలగించలేవు. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజలాలను 18 కి.మీ. పైపులైను ద్వారా ఇక్కడికి చేరే మురుగు మార్గంలో కలిపే పథకం వివాదాస్పదం కావడానికి ఇది ఒక కారణం. అన్నిటికంటే ముఖ్యమైన లోపం మరొకటి. భూగర్భ మురుగు గొట్టాలకు చేరక నాలాల గుండా నేరుగా నదిలో పడే నీటికి కేంద్రం ఎంత పెద్దదైనా ఏమీ చేయలేదు.

దిగువ ప్రాంతాలు

నగరం దిగువన కత్వల ద్వారా మూసీ నీరు పొలాలకు మళ్ళుతుంది. ఈ నీటితో వరి, పశువుల గడ్డి పండిస్తారు. కత్వల వెనుక నీరు నిలిచినప్పుడు మడ్డి కొంత అడుగుకు చేరుతుంది. అందువలన దూరం పెరిగే కొద్దీ నీటి నాణ్యత మెరుగుపడుతుంది; లవణాలు మాత్రం మిగిలిపోతాయి. వాడపల్లి దాటిన నీరు పులిచింతల జలాశయానికి, అక్కడి నుండి విజయవాడలోని ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది.

2021లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు ప్రాంతంలో మొత్తం 1259.5 ఎం.ఎల్.డి. సామర్థ్యం గల 31 కొత్త శుద్ధి కేంద్రాలను మంజూరు చేసింది. వీటిలో అంబర్‌పేటలోని కొత్త కేంద్రం కూడా ఒకటి.