పరికరాల సహనిర్వహణ

పరికరాల సహనిర్వహణ అనగా ఒక సంస్థలోని కంప్యూటర్లను పాత నిర్వహణ వ్యవస్థ, కొత్త నిర్వహణ వ్యవస్థ రెండింటి ఆధీనములోనూ ఏకకాలములో ఉంచి, పనులను ఒక్కొక్కటిగా పాతదాని నుండి కొత్తదానికి మార్చే పద్ధతి. ఆంగ్లములో దీనిని కో-మేనేజ్‌మెంట్ అంటారు. మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన కాన్ఫిగరేషన్ మేనేజర్, ఇన్‌ట్యూన్‌ల జంట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ పద్ధతికి మూలసూత్రము ఒక్కటే: ఒక కంప్యూటరుకు ఇద్దరు నిర్వాహకులు ఉండవచ్చును గాని, ఏ ఒక్క పనికీ ఇద్దరు యజమానులు ఉండరాదు.

నేపథ్యము

పాత వ్యవస్థకు మూలము 1994లో విడుదలైన సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్. 2007లో అది కాన్ఫిగరేషన్ మేనేజర్‌గా మారినది. ఇందులో సంస్థ తన సొంత సర్వరును, డేటాబేసును నడుపుకొనవలెను. ప్రతి కంప్యూటరులోనూ ఒక ఏజెంటు ప్రోగ్రామును స్థాపిస్తారు. ప్రత్యేకముగా మార్చనిచో, అది గంటకొకసారి సర్వరును సంప్రదించి తనకు వచ్చిన ఆదేశాలను తెచ్చుకొంటుంది.

కొత్త వ్యవస్థ అయిన ఇన్‌ట్యూన్ 2011లో విండోస్ ఇన్‌ట్యూన్ అనే పేరుతో వెలువడినది. ఇది ఇంటర్నెట్ ద్వారా పనిచేసే క్లౌడ్ సేవ. దీనికి సంస్థలో సర్వరు అవసరము లేదు. ల్యాప్‌టాప్‌లతో పాటు మొబైల్ ఫోన్లను కూడా ఇది నిర్వహిస్తుంది. ఈ రెండింటినీ జతపరచే సహనిర్వహణ సౌకర్యము 2017లో ప్రవేశపెట్టబడినది.

అవసరము

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇరుగుపొరుగు ప్రాంతాలు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము, నారాయణగూడలో పలు కళాశాలలు, అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు కలవు. విషయము సులభముగా బోధపడుటకు, ఈ మూడు చోట్లా శాఖలున్న ఒక శిక్షణ సంస్థను ఊహించుకొందాము.

సర్వరు నారాయణగూడ కార్యాలయములో ఉన్నది. అశోక్ నగర్ ల్యాబులోని కంప్యూటర్లలో విద్యార్థులు నమూనా పరీక్షలు వ్రాస్తారు. చిక్కడపల్లి శాఖలో ఫీజుల లెక్కలు, విద్యార్థుల చిరునామాలు ఉంటాయి. అధ్యాపకుల ల్యాప్‌టాప్‌లు ఇళ్ళకు వెళ్ళివస్తుంటాయి. ఇంటి వద్ద ఉన్న ల్యాప్‌టాప్‌కు, వీపీఎన్ వంటి ప్రత్యేక ఏర్పాటు లేనిదే, పాత సర్వరు ఆదేశాలు అందవు. అందువలన కొత్త వ్యవస్థ కావలసివస్తుంది. కాని అన్ని కంప్యూటర్లనూ ఒకే రోజున మార్చినచో, ఏదైనా తేడా వచ్చినపుడు పరీక్షలు, ఫీజుల పని రెండూ ఒకేసారి నిలిచిపోవును. సహనిర్వహణ ఈ ఇబ్బందిని తప్పిస్తుంది.

పనిచేయు విధానము

ముందుగా కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీలో నమోదు చేస్తారు. 2023 వరకు దీని పేరు అజూర్ యాక్టివ్ డైరెక్టరీ. తరువాత పాత ఏజెంటును తొలగించకుండానే ఇన్‌ట్యూన్‌లో చేర్చుతారు. ఆ పిమ్మట ఈ క్రింది పనులలో ఒక్కొక్కదానికి యజమాని ఎవరో నిర్ణయిస్తారు.

* భద్రతా నియమాల పాటింపును పరిశీలించుట
* విండోస్ అప్‌డేట్లు
* వైరస్‌ల నుండి రక్షణ
* పరికరపు అమరికలు
* ఆఫీస్ ప్రోగ్రాములు
* ఇతర అప్లికేషన్లు

ప్రతి పనికీ మూడు స్థితులు కలవు: పాత వ్యవస్థ, ఎంపిక చేసిన కొన్ని కంప్యూటర్లకు మాత్రమే కొత్త వ్యవస్థ, అన్నింటికీ కొత్త వ్యవస్థ. పై ఉదాహరణలో మొదట అధ్యాపకుల ల్యాప్‌టాప్‌లను కొన్నింటిని మార్చి చూచి, పరీక్షలు లేని సమయములో అశోక్ నగర్ ల్యాబును మార్చుట మేలు. ఇబ్బంది ఎదురైతే ఆ ఒక్క పనిని వెనుకకు త్రిప్పవచ్చును.

కొన్ని పనులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి. పరికరపు అమరికలను మార్చినచో వైరస్ రక్షణ కూడా దానితోపాటే మారుతుంది. అప్లికేషన్ల విషయములో మాత్రము కొత్త వ్యవస్థకు మారిన తరువాత కూడా పాత వ్యవస్థ పంపినవి అందుబాటులోనే ఉంటాయి.

ఘర్షణలు

సర్వరు ద్వారా కంప్యూటర్లకు విధించే గ్రూప్ పాలసీ నియమాలు సహనిర్వహణ మొదలైనంత మాత్రాన తొలగిపోవు. ఒకే అమరికను గ్రూప్ పాలసీ ఒక విధముగా, ఇన్‌ట్యూన్ మరొక విధముగా నిర్దేశించినచో, సాధారణముగా గ్రూప్ పాలసీయే నెగ్గుతుంది. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1803 కూర్పు నుండి దీనిని తారుమారు చేసే వీలు కలదు. అయితే అది అన్ని అమరికలకూ వర్తించదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఏ సందేశమూ కనిపించకుండా జరిగే వైఫల్యము. అప్‌డేట్ల పనిని ఇన్‌ట్యూన్‌కు అప్పగించినప్పటికీ, ఇంటర్నెట్‌లోని అప్‌డేట్ సేవను సంప్రదించరాదనే పాత నియమము కంప్యూటరులో మిగిలిపోవచ్చును. అపుడు పాత వ్యవస్థ తన బాధ్యత తీరినదని ఊరకుంటుంది, కొత్తదాని ఆదేశము నెరవేరదు. కంప్యూటరు మామూలుగానే పనిచేస్తున్నట్లు కనిపిస్తుంది గాని దానికి అప్‌డేట్లు అందవు.

దీని పర్యవసానము చిన్నది కాదు. 2017 మే 12న వ్యాపించిన వానాక్రై వైరస్ వాడుకొన్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరము మార్చి 14నే సవరణను విడుదల చేసినది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నప్పటికీ, సవరణ చేరని కంప్యూటర్లు ప్రపంచవ్యాప్తముగా దెబ్బతిన్నవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నవి. కనుక ఒక పనిని మార్చిన తరువాత, చివరి అప్‌డేట్ ఏ తేదీన చేరినదో కంప్యూటరులోనే చూచి నిర్ధారించుకొనవలెను.

పాత వ్యవస్థ విరమణ

రెండు వ్యవస్థలు నడుచుచున్నంత కాలము పాత సర్వరును కొనసాగించవలెను, సిబ్బందికి రెండింటిలోనూ శిక్షణ అవసరమగును. అందుచేత చాలా సంస్థలు దీనిని మధ్యంతర దశగానే భావిస్తాయి. అన్ని పనులూ మారి, మిగిలిపోయిన పాత నియమాలు తొలగిన పిదప ఏజెంటును, చివరగా సర్వరును విరమిస్తారు. ఇంటర్నెట్ లేని ల్యాబులు, సర్వర్ కంప్యూటర్లు ఉన్నచోట మాత్రము కాన్ఫిగరేషన్ మేనేజర్‌ను కొనసాగించుట కూడా కద్దు. ఏ పని ఎవరి చేతిలో ఉన్నది, ఏ తేదీన మారినది అనే పట్టికను వ్రాసి ఉంచుకొన్న సంస్థకు ఈ మార్పు సులువగును.