అక్షరములను చదువు యంత్రము

గ్రంథాలయములలోని పాత బీరువాలను తెరచినచో పసుపువన్నెకు తిరిగిన పుస్తకములు కొన్ని కనబడును. పుట త్రిప్పబోయినచో వాని అంచులు విరిగి పొడియగును. కాగితములోని ఆమ్లము ఇందులకు ముఖ్యకారణము. అట్టి గ్రంథమునకు మరియొక ప్రతి లేనిచో, దానితోపాటు అందలి విజ్ఞానమును నశించును. అందుచేత వానిని కాపాడదలచినవారు పుటలన్నిటిని స్కానరు అను యంత్రముతో చిత్రములుగా తీసి కంప్యూటరులో భద్రపరచుచున్నారు.

అయినను చిత్రము వేరు, పాఠము వేరు. చదువు వచ్చినవాడు ఆ చిత్రమును చూచినంతనే చదువగలడు. కంప్యూటరునకు అది వట్టి చుక్కల సముదాయము. అంగుళమునకు 300 చుక్కల చొప్పున చిత్రము తీసినచో, ఒక్క చదరపు అంగుళములో 90,000 చుక్కలుండును. వానిలో ఏది నలుపో, ఏది తెలుపో కంప్యూటరు ఎరుగును. అవి కలిసి ‘అమ్మ’ అను మాట యైనదని మాత్రము ఎరుగదు. కావున అట్టి చిత్రములో ఒక మాటను వెదకుటకు గాని, తప్పును దిద్దుటకు గాని వీలు లేదు. చిత్రములోని అక్షరములను గుర్తించి పాఠముగా మార్చు పద్ధతికి ఓసీఆర్ అని పేరు.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1976వ సంవత్సరమున అమెరికా దేశీయుడగు రే కర్జ్‌వైల్ అంధుల కొరకు ఒక యంత్రమును ప్రదర్శించెను. అది అచ్చుపుటలోని అక్షరములను గుర్తించి, బిగ్గరగా చదివి వినిపించెడిది. టెసెరాక్ట్ అను సాఫ్ట్‌వేరు 1985 మొదలు 1994 వరకు హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో రూపొందినది. 2005లో అది అందరికిని ఉచితముగా లభ్యమైనది. నేడు అది తెలుగును కూడ చదువగలదు.

ఇట్టి సాఫ్ట్‌వేరు మొదట వంకరగానున్న పుటను సరిచేసి, మరకలను తగ్గించును. తరువాత పంక్తులను వేరుపరచును. పిమ్మట ప్రతి పంక్తిలోని ఆకారములను పరిశీలించి, పూర్వము నేర్చిన అసంఖ్యాకమైన నమూనాల సాయమున, ఇది ఫలానా అక్షరమై యుండవలెనని ఊహించును. పదే పదే చూచి బాలుడు అక్షరములు నేర్చినట్లే యంత్రమును నేర్చుచున్నది.

తెలుగు లిపి దానికి కఠినపరీక్ష. ఆంగ్లమున పెద్దవి, చిన్నవి కలిపి అక్షరరూపములు 52 మాత్రమే. తెలుగున ఒక్కొక్క హల్లు గుణింతములతోను, ఒత్తులతోను కూడి పెక్కు రూపములు ధరించును. ఒత్తులు క్రిందికి దిగి, క్రింది పంక్తిలోని గుడులను తాకుచుండును. పాత పుస్తకములలోని వలపలగిలక తెలుగు తొమ్మిది అంకెను పోలియుండును. థకార ధకారములకు భేదము నడిమి చుక్క యొక్కటియే. ఆ చుక్క మాసినచో ‘అర్థము’ కాస్త ‘అర్ధము’ అగును. భావమును తెలుపు మాట సగమును తెలుపు మాటగా మారిపోవును. ఒక్క చుక్క లోపించుటచే వాక్యమంతయు చెడును.

అందుచేత యంత్రము చదివిన పాఠమును మనుష్యుడు మరల చదువక తప్పదు. వికీసోర్స్ అను అంతర్జాల గ్రంథాలయమున తెలుగు పుస్తకములకు ఈ సేవ జరుగుచున్నది. తెరపై ఒకప్రక్క మూలపుట చిత్రమును, మరియొకప్రక్క యంత్రము చదివిన పాఠమును ఉండును. ఒక స్వచ్ఛందసేవకుడు రెంటిని పోల్చి తప్పులు దిద్దును. ఆ పాఠమును వేరొకరు మరల సరిచూతురు. అటుపిమ్మటనే ఆ పుట పూర్తియైనట్లు లెక్క.

ఇట్లు సిద్ధమైన పాఠములో కావలసిన మాటను క్షణములో వెదకవచ్చును. చూపు మందగించినవారికై అక్షరములను పెద్దవి చేయవచ్చును. అంధులకు చదివి వినిపింపవచ్చును. గ్రంథమును తిరిగి అచ్చువేయవచ్చును. మనుష్యుడు దినములకొలది వ్రాయవలసిన దానిని యంత్రము నిమిషములలో వ్రాసి యిచ్చును. అది ఒప్పో తప్పో తేల్చుటకు మాత్రము భాష నెరిగి, ఓపికతో చదువువారు కావలెను. పాతగ్రంథములు రాబోవు తరములకు చెక్కుచెదరక చేరుట అట్టివారి శ్రద్ధపైననే ఆధారపడియున్నది.