కారు తన్నిన కథ

మోస్రాలో ఉండే మా మామ కుడి మణికట్టు కొంచెం వంకరగా ఉంటది. పోయిన ఎండాకాలం సెలవుల్లో అడిగితే "కారు తన్నిందిరా" అన్నాడు. కారు ఎట్ల తంతది? ఆ సంగతే రాస్తున్నాను.

అది పాత పెట్రోలు అంబాసిడర్. ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోతే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇంజన్‌ను తిప్పేవారు.

సిలిండరులో పిస్టన్ పైకి వస్తూ గాలిని, పెట్రోలు ఆవిరిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తుంది. అంతా అంటుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. కాబట్టి పిస్టన్ పైకొసకు చేరడానికి కొన్ని డిగ్రీల ముందే రవ్వ రావాలి. మరీ ముందుగా వస్తే, పైకి వచ్చే పిస్టన్‌ను మంట వెనక్కి తోస్తుంది. హ్యాండిల్ ఎదురు తిరిగి చేతిని కొడుతుంది. ఆలస్యంగా వస్తే బండి లాగదు, ఇంజన్ వేడెక్కుతుంది.

టైమింగ్ ఎలా పెట్టాలో మామ నాకు చూపించాడు. మొదట పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉంచాడు. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది. తర్వాత ఒకటో ప్లగ్గు విప్పాడు. ఆ రంధ్రం మీద నేను వేలు పెట్టాను, మామ ఇంజన్‌ను మెల్లగా తిప్పాడు. గాలి నా వేలిని తోసింది. అంటే పిస్టన్ నొక్కుతూ పైకి వస్తోందన్న మాట. పుల్లీ మీది గాటును కారు పుస్తకంలో చెప్పిన గుర్తుకు ఎదురుగా ఆపాడు.

12 ఓల్టుల బల్బుకు ఒక తీగ డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న తీగకు, రెండోది ఇంజన్ ఇనుముకు కలిపి స్విచ్ వేశాడు. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, లోపలి రోటర్ తిరిగే వైపుకు తిప్పితే బల్బు ఆరింది. మళ్లీ ఎదురు వైపుకు మెల్లగా తిప్పాడు. బల్బు వెలిగింది! పాయింట్లు విడిపోయి రవ్వ పుట్టేది సరిగ్గా అప్పుడే. అక్కడే బోల్టు బిగించాడు.

"ఆ దినం బల్బు లేదని అందాజాగా పెట్టిన. రెండు నెలలు పని లేక కూసున్న" అన్నాడు మామ.

ఇంకొక మాట కూడా చెప్పాడు. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. కిందికి నొక్కకూడదు, పైకి లాగాలి. అప్పుడు అది ఎదురు తన్నినా చెయ్యి జారి బయటపడుతుంది.

ఇది గుర్తుంచుకోండి, పాత బండి ఎక్కడైనా కనిపించవచ్చు.

– 9వ తరగతి విద్యార్థి