స్నేర్ డ్రమ్ నిర్మాణం – అవాంఛిత గరగర – ధ్వని నియంత్రణ

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:

• స్నేర్ డ్రమ్‌లోని ముఖ్య భాగాలను, వాటి పనిని వివరించగలుగుతారు.
• ఎవరూ కొట్టకుండానే డ్రమ్ము గరగరలాడటానికి కారణాన్ని బలాత్కృత కంపనాలు, అనునాదం అనే భావనలతో చెప్పగలుగుతారు.
• గరగర ఏ భాగం నుంచి వస్తున్నదో క్రమపద్ధతిలో పరీక్షించి, తగిన సవరణను సూచించగలుగుతారు.

7.1 పరిచయం

పెళ్లిళ్ల కాలంలో రాయికోడ్ వంటి ఊళ్లో బ్యాండు మేళం వినని వారుండరు. ఈసారి ఊరేగింపు ఒకచోట ఆగినప్పుడు ఒక సంగతి గమనించండి. పెద్ద డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడుతుంది. పక్కన ఇంకొకరి మెడకు వేలాడుతున్న చిన్న డ్రమ్మును ఆ క్షణంలో ఎవరూ ముట్టుకోరు. అయినా దాని అడుగు నుంచి గర్రుమని మోత వస్తుంది. ఈ చిన్న డ్రమ్మే స్నేర్ డ్రమ్. యూరప్ సైనిక వాద్య బృందాల నుంచి మన బ్యాండు మేళాల్లోకి వచ్చిన వాద్యం ఇది.

రోడ్డు మీద ఈ మోత ఎవరికీ పట్టదు. రికార్డింగు గదిలో మాత్రం సంగతి వేరు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియో వంటి ఒక చిన్న కేంద్రాన్ని ఊహించుకోండి. మైకు ముందు ఒకరు పాడుతుండగా, మూలనున్న స్నేర్ డ్రమ్ ప్రతి చరణానికీ గరగరమంటుంటే ఆ పాటను మళ్లీ రికార్డు చేయవలసిందే.

ఇలాంటప్పుడు చాలామంది 'డ్రమ్ము చెడిపోయింది' అనుకుంటారు. పై పొర మార్పిస్తారు, దాని మీద గుడ్డ అంటిస్తారు. డబ్బు పోతుంది, గరగర మాత్రం పోదు. పెళ్లిళ్ల కాలపు సంపాదన మీద ఏడాది గడుపుకునే వాద్యకారునికి ఇది చిన్న నష్టం కాదు. గరగర ఎందుకు పోదో, దాన్ని అదుపులో పెట్టాలంటే ఏ భాగాన్ని సరిచేయాలో ఈ యూనిట్‌లో తెలుసుకుందాం.

7.2 స్నేర్ డ్రమ్ నిర్మాణం

స్నేర్ డ్రమ్‌లో ప్రధానంగా అయిదు భాగాలుంటాయి.

(అ) షెల్: ఇది చెక్కతో గాని, ఇత్తడి, ఉక్కు, అల్యూమినియం వంటి లోహంతో గాని చేసిన గుండ్రటి గుల్ల. డ్రమ్ సెట్‌లలో వాడే దానికి సాధారణంగా 14 అంగుళాల వ్యాసం, 5 నుంచి 6.5 అంగుళాల లోతు ఉంటాయి.

(ఆ) పై పొర: పుల్లతో కొట్టేది దీని మీదనే. దెబ్బలకు తట్టుకోవాలి కాబట్టి ఇది మందంగా ఉంటుంది. ఒకే పొర అయితే సుమారు 0.25 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పూర్వం పశువుల తోలు వాడేవారు. 1950ల రెండో సగం నుంచి పాలియెస్టర్ పొరలు వాడుకలోకి వచ్చాయి. తోలు తేమకు వదులవుతుంది. డప్పును నిప్పు సెగకు కాచి బిగువు తెచ్చుకోవడం మనకు తెలిసిందే. పాలియెస్టర్‌కు ఆ బెడద చాలా తక్కువ.

(ఇ) కింది పొర: ఇది పై పొరలో మూడో వంతు మందం కూడా లేని పలుచని పొర. సుమారు 0.08 మిల్లీమీటర్లు ఉంటుంది. దీన్ని ఎవరూ కొట్టరు. లోపలి గాలి కదలికకు ఇది స్పందించాలి.

(ఈ) స్నేర్ తీగలు: ఇవి స్ప్రింగులా చుట్టిన సన్నని ఉక్కు తీగలు. సాధారణంగా 20 ఉంటాయి. కింది పొరకు బయటివైపు, దాన్ని ఆనుకొని అడ్డంగా బిగించి ఉంటాయి. ఒక పక్కనున్న మీటను తిప్పితే తీగలు పొరను వదిలి దిగిపోతాయి. మీట దగ్గరి మరతో బిగువు మార్చవచ్చు.

(ఉ) అంచు, స్నేర్ పల్లం: పొర ఆనే షెల్ అంచు అంతటా ఒకే ఎత్తులో, నునుపుగా ఉండాలి. కింది అంచులో మాత్రం తీగలు దాటే రెండుచోట్ల కొద్దిగా పల్లం చెక్కుతారు. ఈ పల్లం వల్లనే తీగలు చివరి నుంచి చివరి దాకా పొరను సమంగా అంటుకుంటాయి.

7.3 గరగర ఎలా పుడుతుంది?

పై పొరను కొట్టినప్పుడు లోపలి గాలి నొక్కుకుపోయి కింది పొరను తోస్తుంది. కింది పొర కదిలి తీగలను విసురుతుంది. తీగలు దూరంగా వెళ్లి, బిగువు వల్ల తిరిగి వచ్చి పొరను తాకుతాయి. ఈ తాకిడి సెకనులో ఎన్నోసార్లు జరగడమే స్నేర్ డ్రమ్ స్వరం. తీగలు దించేస్తే మిగిలేది మామూలు డ్రమ్ము మోతే.

కింది పొరకు తనను తోసింది ఎవరో తెలియదు. తన పై పొర తోసినా, పక్కనున్న పెద్ద డ్రమ్ము నుంచి గాలిలో వచ్చిన ధ్వని తోసినా అది ఒకేలా కదులుతుంది. ఇవి బలాత్కృత కంపనాలు. బయటి ధ్వని పౌనఃపున్యం పొర సహజ పౌనఃపున్యాలలో ఒకదానితో సరిపోతే కంపన పరిమితి ఎంతో పెరుగుతుంది. ఇది అనునాదం. గుండ్రని పొరకు సహజ పౌనఃపున్యం ఒక్కటే కాదు. ఆదర్శ పొరలో అవి 1 : 1.59 : 2.14 : 2.30 నిష్పత్తిలో పైకి పోతూనే ఉంటాయి. అందువల్ల చుట్టూ వాయించే వాద్యాలలో ఏదో ఒక స్వరం ఏదో ఒక పౌనఃపున్యానికి దగ్గరగా రావడం మామూలే.

ఇంట్లో చేయదగిన ప్రయోగం: ఒక గిన్నె మూతికి పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని ముడతలు లేకుండా బిగించి కట్టండి. దానిపై గుప్పెడు కొర్రలు గాని, రాగులు గాని చల్లండి. నోరు దగ్గరగా పెట్టి, ఊపిరి గింజలకు తగలకుండా, కింది స్థాయి నుంచి పై స్థాయికి 'ఊ' అని రాగం తీయండి. ఒకచోట గింజలు ఎగిరి పడతాయి. అక్కడ మీ గొంతు పౌనఃపున్యం పొర సహజ పౌనఃపున్యంతో కలిసిందన్నమాట.

7.4 ఒక చిన్న లెక్క

గింజ పొరను వదిలి ఎగరాలంటే పొర త్వరణం గురుత్వ త్వరణాన్ని, అంటే 9.8 మీ./సె²ను మించాలి. సరళ హరాత్మక చలనంలో గరిష్ఠ త్వరణం = (2 × 3.14 × పౌనఃపున్యం)² × కంపన పరిమితి.

పౌనఃపున్యం 200 హెర్ట్జ్, కంపన పరిమితి 0.01 మిల్లీమీటరు అనుకుందాం. 2 × 3.14 × 200 = 1,256. దీని వర్గం సుమారు 15.8 లక్షలు. దాన్ని 0.00001 మీటరుతో గుణిస్తే త్వరణం సుమారు 15.8 మీ./సె² వస్తుంది. ఇది గురుత్వ త్వరణానికి 1.6 రెట్లు. మిల్లీమీటరులో నూరో వంతు కదలిక చాలు, గింజ ఎగురుతుంది.

స్నేర్ తీగ పొరకు కిందివైపు ఉంటుంది. కాబట్టి దాని బరువు దాన్ని పొర నుంచి దూరంగా లాగుతుంది. పొర 1.6 రెట్ల త్వరణంతో పైకి పోతుంటే తీగ కూడా అంటుకుని పోవడానికి, దాన్ని పైకి నొక్కే బలం తీగ బరువుకు కనీసం 2.6 రెట్లు ఉండాలి. అంత లేకపోతే తీగ విడిపోయి తిరిగి తాకుతుంది. అదే మనకు గరగరగా వినిపిస్తుంది.

ఈ లెక్క నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, తీగల బిగువు పెంచితే గరగర మొదలవడానికి ఎక్కువ కదలిక కావాలి. రెండు, బిగువు మరీ పెంచితే మెల్లగా కొట్టిన దెబ్బకు కూడా తీగలు పలకవు, స్నేర్ స్వరమే నొక్కుకుపోతుంది. స్వరమూ గరగరా ఒకే గుణం నుంచి పుడుతున్నాయి. కనుక గరగరను పూర్తిగా తీసివేయలేము, అదుపులో పెట్టగలం.

7.5 నిర్మాణం – నియంత్రణ

స్నేర్ పల్లం: పల్లం లేకపోయినా, రెండు వైపులా సమంగా లేకపోయినా తీగలు అంచుల దగ్గర నొక్కుకుని మధ్యలో వదులుగా ఉంటాయి. ఆ వదులు భాగమే ముందుగా మోగుతుంది. పల్లం మరీ లోతైతే పొర ముడత పడుతుంది.

తీగలు: తీగల సంఖ్య పెరిగితే స్వరం నిండుగా ఉంటుంది, గరగరకు అవకాశమూ పెరుగుతుంది. ఒక్క తీగ సాగిపోయినా, వంగినా అది ఎంత బిగించినా పొరను సరిగా అంటుకోదు. ఆ ఒక్కదాన్ని రెండు చివరలా కత్తిరించి తీసేయడం వాద్యకారులకు తెలిసిన ఉపాయం. తీగలను పట్టే దారాలు సమాన పొడవులో లేకపోతే తీగల వరుస ఏటవాలుగా కూర్చుంటుంది.

కింది పొర బిగువు: సహజ పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పౌనఃపున్యాన్ని పదో వంతు పెంచాలంటే తన్యత 21 శాతం పెరగాలి. పొరను కొంచెం బిగించో వదిలో దాని పౌనఃపున్యాన్ని పక్క డ్రమ్ము స్వరం నుంచి తప్పించవచ్చు. పక్క డ్రమ్ము స్వరాన్ని మార్చినా ఫలితం అదే. పల్లానికి అటూ ఇటూ ఉన్న మరలను మాత్రమే కొద్దిగా వదులు చేస్తే తీగల చివరలు పొరలో బాగా కూర్చుంటాయి.

పై పొర మీది గుడ్డ: ఇది పై పొర మోగే కాలాన్ని తగ్గిస్తుంది. బయటి ధ్వని కింది పొరను నేరుగా చేరుతున్నప్పుడు దీని ప్రయోజనం స్వల్పం. 7.1లో చూసిన ఖర్చు వృథా కావడానికి కారణం ఇదే.

7.6 మన వాద్యాలలో గరగర

గరగరను కోరి తెచ్చుకున్న వాద్యాలు మనకున్నాయి. తంబురా గుర్రం మీద తీగ కింద సన్నని దారం పెట్టి, దాన్ని అటూ ఇటూ జరుపుతూ నాదంలో జీవం వచ్చే చోటు పట్టుకుంటారు. మృదంగం కుడి మూతిలో పొరల మధ్య సన్నని పుల్లముక్కలు గాని, రాతి నలుసులు గాని చొప్పించి నాదానికి జీర తెస్తారు. సి.వి. రామన్ 1920లో మృదంగం, తబలా వంటి వాద్యాల అనుస్వరాలను, 1921లో తంబురా వంటి తంత్రీవాద్యాల గుర్రాలను శాస్త్రీయంగా పరిశీలించారు. ఈ వాద్యాలలో జీర ఎంత ఉండాలో వాద్యకారుడు నిర్ణయిస్తాడు. స్నేర్ డ్రమ్‌లోనూ చేయవలసిన పని అదే.

7.7 పరీక్షించే క్రమం

1. మీట తిప్పి తీగలు దించండి. పై పొరను కొట్టండి. ఇంకా గరగర ఉంటే తప్పు తీగలది కాదు. వదులైన మర, రింగు లేదా మరల గూళ్లలోని స్ప్రింగు కారణం కావచ్చు.
2. తీగలు ఎక్కించండి. డ్రమ్మును తిరగేసి, తీగలు సమంగా ఆనుతున్నాయా, ఏదైనా వంగిందా చూడండి.
3. మళ్లీ నిలబెట్టి, దాని పక్కన రాగం తీయండి. ఎక్కువగా మోగే స్థాయిని గుర్తుపెట్టుకోండి. పక్క డ్రమ్ము స్వరం దానికి దగ్గరగా ఉందేమో పోల్చండి.
4. ముందు తీగల బిగువు, తరువాత పల్లం పక్క మరలు, చివరగా కింది పొర మొత్తం బిగువు మార్చండి. ఒకసారి ఒక్క మార్పే చేయండి.
5. వాయించని సమయంలో తీగలు దించి ఉంచండి. రికార్డింగులో పాట నడుస్తుండగా ఇదే అన్నిటికన్నా తేలిక మార్గం.

ఈ అయిదింటిలో దేనికీ కొత్త భాగం కొనవలసిన అవసరం లేదు. ఇవన్నీ చేశాక కూడా గరగర తగ్గకపోతేనే తీగలు గాని, కింది పొర గాని మార్చే ఆలోచన చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్నేర్ తీగలు ఏ పొరను ఆనుకొని ఉంటాయి?
2. తీగలు దించినా గరగర వినిపిస్తే ఏ భాగాలను పరిశీలించాలి?
3. 100 హెర్ట్జ్ దగ్గర గింజ ఎగరడానికి కావలసిన కనీస కంపన పరిమితి ఎంత?

జవాబులు: 1. కింది పొరను. 2. మరలు, రింగు, మరల గూళ్లలోని స్ప్రింగులు. 3. సుమారు 0.025 మిల్లీమీటరు.

7.8 సారాంశం

స్నేర్ డ్రమ్ స్వరం, అవాంఛిత గరగర ఒకే చర్య ఫలితాలు. రెండింటిలోనూ కింది పొర కదలిక తీగలను విడదీసి తిరిగి తాకిస్తుంది. బయటి ధ్వని పొర సహజ పౌనఃపున్యంతో కలిసినప్పుడు గరగర హెచ్చుతుంది. అంచు, పల్లం, తీగలు, కింది పొర బిగువు సరిగా ఉంటే అది అదుపులో ఉంటుంది. పై పొరను కప్పడం కన్నా కారణమైన భాగాన్ని గుర్తించి సరిచేయడమే ఫలితమిస్తుంది.

7.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. స్నేర్ డ్రమ్ నిర్మాణాన్ని పటం సహాయంతో వివరించండి.
2. అనునాదం వల్ల స్నేర్ డ్రమ్‌లో గరగర ఎలా కలుగుతుందో తెలిపి, దాన్ని నియంత్రించే పద్ధతులను చర్చించండి.
3. మీ ఊరి బ్యాండు మేళంలోని ఒక స్నేర్ డ్రమ్‌ను వాద్యకారుని అనుమతితో 7.7లోని క్రమంలో పరీక్షించి, మీ పరిశీలనలను ఒక పేజీలో రాయండి.