వలపలగిలక: సహజ రూపమా, ఐచ్ఛిక రూపమా?

మామిడితోటల నూజివీడులోని ధర్మ అప్పారావు కళాశాల పేరును కంప్యూటరులో టైపు చేస్తే, ‘ధర్మ’లో రేఫ పూర్తిగానూ మకారం దాని కింద ఒత్తుగానూ కనిపిస్తాయి. పాత ముద్రణలలో మకారమే పూర్తిగా నిలిచి, దాని కుడిపక్కన వలపలగిలక వచ్చేది (‘వలపల’ అంటేనే కుడివైపు). ఈ రెండింటిలో అడగకుండానే కనిపించవలసినది ఏదో యూనికోడ్ ప్రమాణం నిర్ణయించింది. తెలుగులో ఒత్తు రూపం సహజం. వలపలగిలక కావాలంటే రేఫ, పొల్లుల తరువాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ జాయినర్’ను చేర్చాలి. కన్నడంలో ఇందుకు విరుద్ధం. అక్కడ అర్కావొత్తే సహజం, ఒత్తు రూపానికే జాయినర్ కావాలి. కారణం వాడుకే: కన్నడ ముద్రణ ఆ గుర్తును నేటికీ నిలుపుకొన్నది, తెలుగు విడిచింది.

నేటి పాఠకుని దృష్టిలో తెలుగు నిర్ణయం సమంజసమే. చిక్కంతా ప్రాచీన ప్రతుల పరిష్కర్తకే. జాయినర్ ఉన్న ‘ధర్మ’, లేని ‘ధర్మ’ యంత్రానికి రెండు వేర్వేరు అక్షరక్రమాలు. జాయినర్‌ను విస్మరించని శోధనలో ఒకటి వెదికితే మరొకటి దొరకదు. పదసూచిక తయారుచేసే పరిశోధకునికి ఇది చిన్న నష్టం కాదు. ప్రతి అంతటా వలపలగిలకే ఉంటే, పాఠాన్ని సాధారణ క్రమంలో ఎక్కించి, పాత రూపాన్ని ఫాంటులో ఐచ్ఛిక లక్షణంగా ఉంచడం మేలు. రెండు రూపాలూ కలగలిసిన ప్రతిలో మాత్రం ఆ తేడాయే లేఖకుని అలవాటుకు సాక్ష్యం. అక్కడ జాయినర్ తప్పదు. శోధన కోసం దానిని తొలగించిన పాఠాన్ని కూడా పక్కన ఉంచవలసి ఉంటుంది.