మగ్గం దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు?

పట్టుపురుగులు పెంచే రైతు గూళ్లను హిందూపురం మార్కెట్‌కు తెస్తాడు. వేలంలో రీలింగ్ వాళ్లు కొని దారం తీస్తారు. ఆ దారం పురి పడి, రంగు పడి, ధర్మవరంలో మగ్గమెక్కి చీర అవుతుంది. మనకు ఇదంతా ఒకే పట్టు వ్యవహారం. ప్రభుత్వ గణాంకాల్లో మాత్రం ఇది ముక్కలై ఉంటుంది. పనులన్నిటికీ అంకెలు కేటాయించిన జాతీయ పారిశ్రామిక వర్గీకరణ 2008 ప్రకారం పురుగుల పెంపకం వ్యవసాయం కిందికి, అంటే 01లోకి పోతుంది. దారం తీయడం, నేయడం 13. బట్టలు కుట్టే యూనిట్ 14. హిందూపురం, ధర్మవరాల మధ్య రైలు దారిలో ఉన్న పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారు చేస్తున్న కియా ఫ్యాక్టరీ 29. పట్టు మీద బతికేవాళ్లు ఎంతమందని 13ను ఒక్కదాన్నే అడిగితే, మల్బరీ తోటల వాళ్లెవరూ జవాబులో కనబడరు.

ఈ లెక్కలు రహస్యమేమీ కాదు. కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఎవరైనా సర్వేల ముడి ఫైళ్లను ఉచితంగా దించుకోవచ్చు. పేర్లు, చిరునామాలు తీసేసి ఉంటాయి. ఒక్కో వరుస ఒక్కో మనిషిది. వయసు, చదువు, చేసే పని, సంపాదన అందులో ఉంటాయి. ఇలాంటి లక్షల వరుసలను ప్రశ్నించడానికి పనికొచ్చే భాష ఎస్‌క్యూఎల్. సమాచారాన్ని పట్టికలుగా పేర్చి, వాటి మధ్య సంబంధాలతోనే జవాబులు రాబట్టవచ్చని ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో చూపించాడు. అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఈ భాష తొలి రూపాన్ని ప్రకటించారు. ప్రోగ్రాములు రాయడం రానివాళ్లు కూడా వాడగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. యాభై ఏళ్లు గడిచినా బ్యాంకులు, రైల్వేలు, ఫోన్లు దీనిమీదే నడుస్తున్నాయి. ఎస్‌క్యూలైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, పాత ల్యాప్‌టాప్‌లోనూ పని జరుగుతుంది.

శ్రామికశక్తి మీద ముఖ్యమైన సర్వే పీఎల్ఎఫ్ఎస్. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. దాని ముడి ఫైలులో విడదీసే గుర్తుల్లేకుండా అంకెలు వరసగా ఉంటాయి. ఏ స్థానంలో ఏముందో చెప్పే లేఅవుట్ ఫైలును పక్కనే ఇస్తారు. దాని ప్రకారం విడదీసి పట్టికలోకి ఎక్కించాక ప్రశ్న ఇలా ఉంటుంది. కంప్యూటర్‌లో ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. చదువుకునే వీలుకోసం ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను. పట్టికకూ నిలువు వరుసలకూ తెలుగు పేర్లు పెట్టుకుంటే మాత్రం ఎస్‌క్యూలైట్ నిజంగానే ఒప్పుకుంటుంది.

సెలెక్ట్ పనిస్థితి, కౌంట్(*)
ఫ్రమ్ మనుషులు
వేర్ రాష్ట్రం = 28 అండ్ పరిశ్రమ = 13
గ్రూప్ బై పనిస్థితి

ఏం చూపాలో సెలెక్ట్ చెబుతుంది, ఏ పట్టికలో వెతకాలో ఫ్రమ్ చెబుతుంది. ఎవరిని లెక్కలోకి రానివ్వాలో వేర్ తేలుస్తుంది. గ్రూప్ బై గుంపులు చేస్తుంది. 28 ఆంధ్రప్రదేశ్ కోడ్. ప్రశ్న తప్పులేకుండా నడుస్తుంది, జవాబూ వస్తుంది. కానీ వచ్చినది రాష్ట్రంలోని నేతపనివాళ్ల సంఖ్య కాదు, సర్వే సిబ్బంది కలిసినవాళ్ల సంఖ్య. 2023–24లో దేశం మొత్తమ్మీద వాళ్లు వెళ్లినవి సుమారు 1.02 లక్షల ఇళ్లు, లెక్కలోకి తీసుకున్నది 4.18 లక్షల మందిని. ఒక్కో మనిషి వెనక వందలో వేలో మంది ఉన్నట్టు లెక్క. ఎంతమందికి ప్రతినిధో చెప్పే మల్టిప్లయర్ ప్రతి వరుసలోనూ ఉంటుంది. దాన్ని సూచనల ప్రకారం భాగించి భారం తేల్చుకుని, కౌంట్ బదులు భారాల మొత్తం అడగాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అంకె పెద్దగానే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు.

ఇంకొక మడత ఖాళీల దగ్గర ఉంది. పని చేయనివాళ్లకు పరిశ్రమ కోడ్ ఉండదు. నేత కానివాళ్లందరినీ చూపమని "పరిశ్రమ 13 కానిది" అని అడిగితే ఆ ఖాళీ వరుసలు రావు. ఖాళీని ఎస్‌క్యూఎల్ 13 అనీ అనదు, 13 కాదనీ అనదు. వాళ్లు కావాలంటే ఖాళీలను కూడా కలపమని విడిగా చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది పనిస్థితి దగ్గర. ధర్మవరంలో మగ్గం చాలా ఇళ్లలో ఇంటి భాగమే. గుంటలో కూర్చుని నేసేది ఒకరైనా, ఆ చీర వెనక ఆసు పోయడం, కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతుల మీద, వంటకూ నీళ్లకూ మధ్య జరుగుతుంది. కూలి వస్తే ఇంటికి ఒక్కటే వస్తుంది. సర్వేలో సొంతంగా పనిచేసేవారి కోడ్ 11. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవారిది 21. నెలజీతగాళ్లు 31, రోజుకూలీలు 51. ఇంటిపని మాత్రమే చేసేవారు 92. కండెలు చుట్టే గృహిణికి 21 వేస్తే ఆమె శ్రామికురాలు. "ఇంట్లోనే ఉంటుంది" అన్న మాట విని 92 వేస్తే దేశ శ్రామికశక్తిలోనే ఆమె ఉండదు. రెండు సందర్భాల్లోనూ ఆమె చేతిలో తిరిగేది ఒకే రాట్నం.

అదృష్టవశాత్తు సర్వే రెండో అవకాశం ఇస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం చేసినదాన్ని ముఖ్య స్థితిగా రాసి, దానితో పాటు కనీసం 30 రోజులు మరో పని చేసి ఉంటే అనుబంధ స్థితిగా వేరే గడిలో రాస్తారు. ముఖ్య స్థితిలో 92 ఉన్న ఆమెకు అనుబంధ స్థితిలో 21 ఉండవచ్చు. ఆ గడిని తడమకపోతే ఆమె కనబడదు. అందుకే వేర్ వాక్యంలో రెండు గడులనూ "ఆర్"తో కలపాలి. ఆ రెండక్షరాల మాట పెట్టడం మరిచిపోతే ఎంతమంది ఆడవాళ్లు చెరిగిపోతారో రెండు రకాలుగా నడిపి చూస్తే అర్థమవుతుంది. నేత గురించి, వ్యవసాయం గురించి రాసే ప్రతివాళ్లూ ఈ పరీక్ష ఒక్కసారైనా చేసి తీరాలని నా పట్టుదల.

జాతీయ స్థాయిలో కూడా ఈ కోడ్‌ల సంగతి చిన్నది కాదు. 15 ఏళ్లు నిండిన మహిళల్లో శ్రామికశక్తిలో ఉన్నవారు, రెండు స్థితులూ కలిపి, 2017–18లో 23.3 శాతం. 2023–24కు 41.7 శాతం. పత్రికల్లో శీర్షికలకెక్కిన అంకె ఇదే. పని చేస్తున్న మహిళలను గ్రూప్ బై పనిస్థితి అని విడగొడితే మరో సంగతి బయటపడుతుంది. అదే కాలంలో జీతం లేని సహాయకుల వాటా 31.7 నుంచి 36.7 శాతానికి పెరిగింది. నెలజీతం వాళ్ల వాటా 21 నుంచి 15.9 శాతానికి పడిపోయింది. పనిలో ఉన్న ఆడవాళ్లు పెరిగారన్నది నిజం. వాళ్లలో చాలామంది చేతికి జీతం రావడం లేదన్నదీ అంతే నిజం. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడం నాకు సమ్మతం కాదు.

చేనేతకు ప్రత్యేక గణన కూడా ఉంది. 2009–10 నాటి మూడో జాతీయ గణన చేనేత పనివారిని 43.31 లక్షలుగా తేల్చింది. 2019–20 నాటి నాలుగోది 35.22 లక్షలంది. అందులో నేసేవారు 26.74 లక్షలు, మిగతావాళ్లు అనుబంధ పనివారు. మనుషుల లెక్క ఇలా తగ్గితే, కుటుంబాల లెక్క అవే రెండు గణనల్లో 27.83 లక్షల నుంచి 31.45 లక్షలకు పెరిగింది. చేనేత పెరిగిందా, తగ్గిందా? ఏ నిలువు వరుసను కూడుతున్నామో చెప్పకుండా దీనికి జవాబు చెప్పలేం. పైగా ఈ గణన మరమగ్గాలను లెక్కపెట్టదు. చేతిమగ్గం వదిలి మరమగ్గం షెడ్డులో చేరిన మనిషి ఇక్కడ మాయమవుతాడు, పీఎల్ఎఫ్ఎస్‌లో మాత్రం 13లోనే ఉంటాడు. ధర్మవరంలో మరమగ్గాల చప్పుడు విన్నవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో తెలుసు.

ఇక ఏ పట్టికను ఏ ఊరి గురించి అడగాలన్నది. పీఎల్ఎఫ్ఎస్‌ను హిందూపురం పట్టణం గురించి అడగకూడదు. అంత చిన్న చోటికి అందులో దొరికే ఇళ్లు బహుకొద్ది, ఆ జవాబును నమ్మలేం. 2025 జనవరి నుంచి సర్వే నమూనాకు జిల్లాను ప్రాథమిక విభాగం చేశారు కాబట్టి జిల్లా స్థాయి ప్రశ్నలకు ఇకపై కొంత బలం చేకూరవచ్చు. పరిశ్రమల వార్షిక సర్వే ఫ్యాక్టరీలదే. ఇప్పటిదాకా విడుదలైన సర్వేల్లో అంటే విద్యుత్ వాడితే కనీసం పదిమంది, వాడకపోతే కనీసం ఇరవైమంది పనిచేసే చోట్లు. ఇంటి మగ్గం అందులో లేదు. కార్మికుల్లో యాజమాన్యం నేరుగా పెట్టుకున్నవారెవరో, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారెవరో అది విడదీసి చూపిస్తుంది. కానీ ఎర్రమంచి ఫ్యాక్టరీ ఒక్కదాని వరుసను పట్టుకోలేం. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ఏ సంస్థ వివరాలూ విడిగా బయటపడకుండా కాపాడుతుంది. ఆ కాపుదల ఉండాల్సిందే. కార్ల పరిశ్రమ మొత్తంలో నెలజీతగాళ్లలో ఎందరికి రాతపూర్వక ఒప్పందం ఉందన్నది మాత్రం పీఎల్ఎఫ్ఎస్‌ను నిరభ్యంతరంగా అడగవచ్చు.

పంచాయతీ దాకా దిగే లెక్కలు కావాలంటే ఉపాధి హామీ రికార్డులున్నాయి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ ప్రాంతానికి దగ్గరలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. అయితే అవి పని అడిగినవాళ్ల రికార్డులు. పని అడగకుండా బెంగుళూరు రైలెక్కినవాళ్లు వాటిలో ఉండరు.

ఊరూరా, పట్టణం పట్టణానా శ్రామికులను చూపేది జనగణనే. సాగుదార్లు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమలవాళ్లు, ఇతరులు అని నాలుగు వర్గాలు. ఆరునెలలకన్నా తక్కువ పనిచేసినవారికి విడి గడి. చేతిలో ఉన్నది 2011ది. అప్పటికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 553 కోడ్ ఉన్న అనంతపురం జిల్లాలోవి. ఇప్పుడు అవి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత పట్టికలో ఆ జిల్లా పేరుతో వెతికితే ఒక్క వరుసా రాదు. పాత కోడ్ నుంచి కొత్త కోడ్‌కు జాయిన్ చేయడానికి, అంటే రెండు పట్టికలను కలపడానికి, మండలాల వంతెన పట్టిక కావాలి. ఆ జాయిన్‌ను పేర్ల మీద చేయకూడదు. మన పెనుకొండను కొన్ని కాగితాల్లో పెనుగొండ అని రాశారు. పశ్చిమ గోదావరిలో అసలైన పెనుగొండ వేరే ఉంది. పేరు ఆధారంగా కలిపితే గోదావరి డెల్టా వరికూలీలు వచ్చి రాయలసీమ మెట్టభూముల లెక్కలో కూర్చుంటారు. ధర్మవరం పేరుగల ఊళ్లూ రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నడిపే స్థానిక సంస్థల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ, మండలానికీ విడి కోడ్ ఉంటుంది. కలపాల్సింది దాంతోనే.

రాబోయే జనగణనకు ప్రమాణ తేదీ 2027 మార్చి 1. ఆ పట్టికలు కొత్త జిల్లాల వారీగా వస్తాయి, పోల్చడానికి వెనక ఉన్నది పాత అనంతపురం 63 మండలాల పట్టిక. ఒక్కో మండలానికి 2011 కోడ్, డైరెక్టరీ కోడ్, ఇప్పటి జిల్లా అని మూడు నిలువు వరుసలు రాసుకుంటే వంతెన సిద్ధమవుతుంది. హిందూపురంలోనో ధర్మవరంలోనో చదువుకునే డిగ్రీ విద్యార్థులు దాన్ని ఇప్పుడే కట్టిపెట్టవచ్చు.