పుట్టుకతో వచ్చిన బుద్ధేనా?



పొద్దున్నే లేస్తాం, స్టవ్ వెలిగిస్తాం, పాలు పెడతాం, డికాక్షన్ దింపుతాం. చేతులు ఆ పని చేస్తూనే ఉంటాయి. మనసేమో పిల్లాడి ఫీజు గురించో, పనిమనిషి ఇంకా రాలేదనో ఆలోచిస్తూ ఉంటుంది. గ్లాసులో పంచదార ఎన్ని చెంచాలు వేశారని ఎవరైనా అడిగితే చటుక్కున చెప్పలేం. అయినా కాఫీ రోజూలాగే కుదురుతుంది.

ఇందులో వింతేముంది అంటారేమో! అమెరికాలో వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆవిడతో పనిచేసినవారు సరిగ్గా ఈ సంగతే పట్టుకుని పరిశోధించారు. కొంతమంది చేత గంటకోసారి తాము ఏం చేస్తున్నారో, అప్పుడు ఏం ఆలోచిస్తున్నారో రాయించారు. 2002లో ప్రచురించిన ఆ పరిశోధన ప్రకారం, రోజులో మనం చేసే పనుల్లో నూటికి 43 దాకా అలవాటు కొద్దీ జరిగిపోయేవేనట. చెయ్యి ఒకచోట, మనసు ఇంకోచోట అన్నమాట.

మరి మన ఇళ్ళలో ఎవరికైనా ఒక అలవాటు పోకపోయినా, ఒక మంచి అలవాటు రాకపోయినా మనం ఏమంటాం? "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనేస్తాం. కోడలు ఏదైనా మరిచిపోతే బద్ధకం అంటారు అత్తగారు. ఆయన బీపీ మాత్ర వేసుకోకపోతే నిర్లక్ష్యం అంటాం మనం. మనం నాలుగు రోజులు నడకకి వెళ్ళి ఐదో రోజు మానేస్తే, మన మీద మనకే చిరాకు. అన్నిటికీ మనిషి గుణాన్నే తప్పుపడతాం. ప్రవర్తనా శాస్త్రం చెప్పేది వేరు. గుణం సంగతి తర్వాత, ముందు ఆ పనికి ఇంట్లో ఏర్పాటు ఎలా ఉందో చూడండి అంటుంది.

దీనికి మన దేశంలోనే మంచి దృష్టాంతం ఉంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లలకి టీకాలు ఉచితం. అయినా ఒకప్పుడు అక్కడ టీకాలన్నీ పూర్తయిన పిల్లలు చాలా తక్కువగా ఉండేవారు. పల్లెటూరి తల్లులకి తెలియదు, చెప్పినా వినరు అనడం సులువు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి తోటి పరిశోధకులు అలా అనలేదు. సేవామందిర్ అనే సంస్థ సాయంతో 134 పల్లెల్లో పరీక్ష చేసి చూశారు. కొన్ని పల్లెల్లో నెలనెలా తప్పకుండా టీకాల శిబిరం పెట్టారు. ఇంకొన్ని పల్లెల్లో శిబిరంతోపాటు, టీకా వేయించిన ప్రతిసారీ తల్లికి కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే భోజనం పళ్ళేలు ఇచ్చారు.

ఫలితాలు 2010లో ప్రచురించారు. ఏ ఏర్పాటూ లేని పల్లెల్లో టీకాలన్నీ పడిన పిల్లలు నూటికి 6. శిబిరం పెట్టినచోట 18. శిబిరం, పప్పు రెండూ ఉన్నచోట 39. (ఈ దంపతులిద్దరికీ మైకేల్ క్రెమర్‌తో కలిపి 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.)

కిలో పప్పు ఇస్తేగానీ తల్లులకి బిడ్డల మీద ప్రేమ పుట్టలేదా? అలా అనుకోకూడదు. వాళ్ళకి టీకా వద్దని కాదు, "వచ్చే నెల వేయిద్దాంలే" అనుకున్నారు. టీకా వల్ల మేలు ఎప్పుడో, అదీ కంటికి కనపడదు. కూలి పోవడం, బిడ్డ ఏడుపు, రాత్రికి జ్వరం మాత్రం ఇవాళే. ఆ కిలో పప్పు "ఇవాళే వెళదాం" అనడానికి ఒక వంక ఇచ్చింది, అంతే.

నవ్వుకోకండి, మన సంగతీ ఇంతే. ఇంట్లో అందరి మందులూ వేళకి అందించే ఇల్లాలు తన రక్తపరీక్షని మాత్రం "ఈ పండగ వెళ్ళాక" అంటూ ఎన్ని పండగలు దాటించదు? ఆవిడకి తెలియక కాదు. ఆ పనికి ఒక రోజు, ఒక వేళ ఎవరూ పెట్టకపోవడం వల్ల.

ఇక అలవాటు చేసుకోవడం ఎలా? 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చాలామంది చెబుతారు. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు 96 మందిని 12 వారాలు గమనించారు. ఒక్కొక్కరూ ఒక్క చిన్న పని ఎంచుకుని, దాన్ని రోజూ జరిగే ఇంకో పనికి ముడిపెట్టుకున్నారు. టిఫిన్ కాగానే కాస్త నడవడం, అలాంటివి. అది అలవాటుగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికైతే 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. అందులో మనకి ధైర్యం చెప్పే మాట ఒకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి ఒక రోజు నడక మానేస్తే "ఇంక మనవల్ల కాదు" అని చెప్పులు మూల పడేయనక్కర్లేదు.

ఇంట్లో ఎలాగంటారా? ఆయన మాత్ర టిఫిన్ తర్వాత వేసుకోమని డాక్టరుగారు చెబితే, మాత్రల డబ్బా బీరువాలో కాదు, టిఫిన్ ప్లేట్ల పక్కన ఉండాలి. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే చెంచాడు లోపే. భోజనాల బల్ల మీద ఉప్పు గిన్నె, ఆవకాయ జాడీ ఉంటే చెయ్యి దానంతట అదే వెళుతుంది. వాటిని వంటింట్లో పెట్టండి. లేచి వెళ్ళి తెచ్చుకోవాలంటే, "కావాలా?" అని ఒక్క క్షణం ఆలోచన వస్తుంది. ఆ క్షణమే మనకి కావలసింది.

డబ్బు విషయమూ అంతే. పోపుల డబ్బాలో దాచిన నోటూ, పర్సులో నోటూ ఒకే విలువ గలవి. అయినా పర్సులోది ఇట్టే ఖర్చవుతుంది, పోపుల డబ్బాలోది తీయబుద్ధి కాదు. డబ్బుని మనసులో ఇలా వేరువేరు ఖాతాలుగా విడదీసుకుంటామని చెప్పిన రిచర్డ్ థేలర్‌కి 2017లో నోబెల్ వచ్చింది. మన అమ్మమ్మలకి బహుమతులు రాలేదుగానీ, ఈ కిటుకు వాళ్ళకీ తెలుసు! అయితే ఒక జాగ్రత్త. డబ్బాలో పదివేలు అలాగే ఉంచి, ఇంకోపక్క క్రెడిట్ కార్డు బాకీకి వడ్డీ కట్టడం తెలివైన పని కాదు.

థేలర్, బెనార్ట్జీ కలిసి అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగుల చేత, ఇకమీదట జీతం పెరిగినప్పుడల్లా పొదుపు కూడా కొంత పెంచుతామని ముందే ఒప్పించారు. 40 నెలల్లో వాళ్ళ పొదుపు జీతంలో నూటికి 3.5 నుంచి 13.6కి పెరిగింది. చేతికొచ్చాక దాచడం కష్టం, రాకముందే పక్కకి వెళ్ళిపోతే బాధ తెలియదు. కాబట్టి మిగిలితే దాద్దాం అనుకోకుండా, జీతం పడిన రోజునే ఆర్.డి.కి వెళ్ళిపోయేలా బ్యాంకులో చెప్పి పెట్టండి.

ఈ కిటుకులు మనకి తెలిసినట్టే వ్యాపారస్తులకీ తెలుసు. ఫోన్‌లో సరుకులు తెప్పించుకుంటుంటే, మనం అడగని వస్తువో విరాళమో బిల్లులో చేరిపోతుంది. మొదటి నెల ఉచితం అంటారు, రెండో నెల నుంచి డబ్బు దానంతట అదే పోతుంది, ఆపాలంటే దారి దొరకదు. ఇలాంటి 13 రకాల మాయలని నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో మార్గదర్శకాలు తెచ్చింది. డబ్బు కట్టే ముందు బిల్లు పైనుంచి కిందదాకా ఒకసారి చదవండి. మోసం జరిగితే 1915 నెంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

అన్నీ ఒకేసారి మార్చబోకండి. ఈ వారానికి ఒక్కటి చాలు. ఇంట్లో ఎవరినైనా "నీ బుద్ధే అంత" అనే ముందు, ఆ వస్తువు ఎక్కడ పెట్టామో, ఆ పనికి ఏ వేళ పెట్టామో చూడండి. ఇక మీ రక్తపరీక్ష సంగతి. ఏ రోజు వెళతారో ఇవాళే క్యాలెండర్ మీద రాసి, తోడు రమ్మని పక్కింటి వదినగారికి చెప్పి ఉంచండి. ఆవిడకీ చేయించుకోవలసిన పరీక్ష ఏదో ఉండే ఉంటుంది.